ట్రాలీ ఆటోది ఏ జాతి?

ఫొటోలో ఉన్నది ట్రాలీ ఆటో. మైండ్‌స్పేస్ వైపు వెళ్లే రోడ్డులో ఫుట్‌పాత్‌కి ఆనించి నిలిపారు. వెనక తొట్టి తలుపు దించి, దాని మీద దోశల పెనం పెట్టారు. పక్కన ఇడ్లీ పాత్ర, చట్నీ బకెట్, పైన రంగు వెలిసిన గొడుగు. మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న పిల్లలు చుట్టూ నిలబడి పేపర్ ప్లేట్లలో తింటున్నారు. మా కోడలు లాప్‌టాప్ నా వైపు తిప్పి, "మామయ్యగారూ, ఇది బండా, కొట్టా? మీరు చెప్పండి" అంది.

కొండాపూర్‌లో ఒక కంపెనీలో ఆమెది ఇదే పని. డ్రైవరు లేకుండా నడిచే కార్లకు రోడ్డంటే ఏమిటో నేర్పాలి. అందుకని వీధుల్లో తిరుగుతూ తీసిన వీడియోని ఫ్రేములుగా విడదీసి, కనబడే ప్రతి వస్తువు చుట్టూ చుక్కలు పెట్టి గీత కలిపి, దానికో పేరు తగిలిస్తారు. కారు, బస్సు, లారీ, మనిషి, చెట్టు, గోడ, ఆకాశం. (ఆకాశం ఒక్కటే కాబట్టి ఆకాశత్వం జాతి కాదని పాఠం చెప్పినవాణ్ణి నేను. ఇక్కడ ఫ్రేముకో ఆకాశం.) గీసేవాళ్లు వేరే ఉన్నారు, గీసింది సరిగ్గా ఉందో లేదో చూడడం ఈమె వంతు. ఈ ట్రాలీని ఒకబ్బాయి లారీ అన్నాడట. ఒకమ్మాయి కొట్టు అంది. మూడో మనిషి ఎందుకొచ్చిన గొడవని 'అదర్స్'లో పడేశాడు. ముగ్గురూ మూడు దారులు పడితే ఆ ఫ్రేము ఈమె నెత్తిన పడుతుంది.

నేను ఓరియంటల్ కాలేజీలో తర్కం చెప్పి రిటైరయ్యాను. గచ్చిబౌలిలో పదకొండో అంతస్తులో కూర్చున్న తార్కికుడి దగ్గరికి సందేహంతో వచ్చేవాళ్లెవరు? వచ్చింది కదా అని సంబరపడి, "ఇది సాంకర్యం అమ్మాయ్" అన్నాను.

"అంటే ఏ క్లాస్‌లో వెయ్యమంటారు?"

అది చెప్పేముందు ఉదయనుడి మాట చెప్పాలి. పది, పదకొండు శతాబ్దాల నాటి మిథిల పండితుడు. ఒక లక్షణం చాలా వస్తువుల్లో కనబడగానే దాన్ని జాతి అనెయ్యకూడదని, అందుకు ఆరు అడ్డంకులున్నాయని కిరణావళిలో లెక్కపెట్టాడు. మా శాస్త్రంలో జాతి అంటే లోకంలో నిజంగా ఉన్న పదార్థం. ఆవులు పుడతాయి, పోతాయి, గోత్వం మాత్రం ఒక్కటే, నిత్యం, అన్ని ఆవుల్లోనూ ఉంటుంది. అలాంటి హోదా దేనికి పడితే దానికి ఇస్తే ఎట్లా? ఉదయనుడి అడ్డంకుల్లో సాంకర్యం ఒకటి. రెండు లక్షణాలు ఒకదాన్నొకటి విడిచీ ఉండాలి, మరోచోట కలిసీ ఉండాలి, అప్పుడవి జాతులు కావు. శాస్త్రంలో దీనికి భూతత్వం, మూర్తత్వం ఉదాహరణ. ఆకాశం భూతమే, మూర్తం కాదు. మనస్సు మూర్తమే, భూతం కాదు. మట్టి, నీరు, నిప్పు, గాలి రెండూను.

ఇప్పుడు ఫొటో చూడండి. కారులో బండితనం ఉంది, కొట్టుతనం లేదు. కిరాణా షాపులో కొట్టుతనం ఉంది, బండితనం లేదు. ఈ ట్రాలీలో రెండూ ఉన్నాయి. కాబట్టి ఉదయనుడి లెక్కన బండీ జాతి కాదు, కొట్టూ జాతి కాదు. రెండూ ఉపాధులు. అంటే లోకం తనంతట తాను కోసిపెట్టిన ముక్కలు కావు, ఏదో పనిని బట్టి మనం తగిలించినవి. వంట చేసేవాడు వంటవాడు. వాడిలో వంటవాడితనం అనే నిత్యపదార్థం ఏదీ లేదు, గరిటె కింద పెట్టి ఇంటికెళితే అదీ పోతుంది.

ఇంతా విని మా కోడలు, "అంటే ఎటు వేసినా తప్పు లేదన్నమాట" అంది.

"ఎటు వేసినా సత్యం కాదన్నమాట."

"క్లయింట్‌కి అలా మెయిల్ పెట్టలేను మామయ్యగారూ."

ఈ తగువు మా ఇంట్లో పుట్టింది కాదు. మాకు దగ్గర్లోనే ఉన్న ట్రిపుల్ ఐటీ వాళ్లు మాకంటే ముందే పడ్డారు. 2016లో సిటీస్కేప్స్ అని ఒక బొమ్మల కోశం వచ్చింది. జర్మనీలోనూ చుట్టుపక్కలా ఉన్న 50 నగరాల వీధులు అందులో ఉన్నాయి. 30 తరగతులు పెట్టారు. రైలు ఉంది, సెలవులకు కారు వెనక తగిలించుకుని పోయే క్యారవాన్ ఉంది. ఆటో లేదు. ఆ ఊళ్లల్లో లేదు కాబట్టి ఆ లోకంలోనే లేదు. ఆ చదువు చదువుకున్న కారు కొత్తగూడ జంక్షన్‌కి వస్తే ఏమనుకుంటుంది? ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, ఇంటెల్ కలిసి 2018లో మన రోడ్ల కోశం తయారుచేశాయి. హైదరాబాదు, బెంగళూరు, వాటి శివార్లలో 182 దఫాలుగా తీసిన ప్రయాణాల్లోంచి 10 వేల బొమ్మలు, 34 తరగతులు. ఆటోకి సొంత తరగతి వచ్చింది. హోర్డింగులకూ వచ్చింది.

నన్ను ఆపేసింది ఆటో కాదు. ఆ జాబితాలో కొన్ని తరగతుల చివర 'ఫాల్‌బ్యాక్' అని ఉంటుంది. ఉదాహరణకి, రోడ్డు కాదు గానీ బండి పోగలిగిన చోటు. తారు అయిపోయాక గట్టు దాకా ఉండే ఆ మట్టి జాగా మనకు రోడ్డులో భాగమే. జర్మనీవాడికి కాదు. అట్లాగే కారు, బస్సు, లారీ, ఆటో, సైకిల్, మోటార్‌సైకిల్ ఏదీ కాని బండి ఏదైనా వస్తే దానికీ ఒక ఫాల్‌బ్యాక్. ఇవి ఎగతాళి చెయ్యాల్సినవి కావు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో రూపాలు ఏడని చెబుతూ తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, పచ్చ, కపిశం అయ్యాక ఏడోది చిత్రం అన్నాడు. రంగురంగుల దారాలతో నేసిన బట్టకి ఒక రంగు చెప్పాలంటే ఏం చెబుతాం? చిత్రరూపం అని ఒకటి వేరే పెట్టారు. నాకైతే ఇది తార్కికుల ఫాల్‌బ్యాక్ లాగే ఉంది. మా గురువుగారు వింటే ఒప్పుకోరు.

అన్నంభట్టు మనవాడే. పదిహేడో శతాబ్ది తెలుగువాడు, గరికపాడు వాడంటారు, కాశీలో పేరు తెచ్చుకున్నాడు. కాశీ వెళ్లొచ్చిన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని లోకోక్తి కూడా పుట్టింది. ఆయన పుస్తకంలో పోలికతో తెలుసుకోవడానికి ప్రత్యేకంగా ఉపమానం అని ఒక ప్రమాణం ఉంది. పట్నంవాడికి గవయం అంటే తెలియదు. అడవిలో తిరిగేవాడు, అది ఆవులా ఉంటుందయ్యా అన్నాడు. పట్నంవాడు అడవికి పోయాడు, ఆవులాంటి జంతువు ఎదురైంది, విన్నమాట గుర్తొచ్చి ఇదే గవయం అనుకున్నాడు. మా కోడలి కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు గైడ్‌లైన్ పేరుతో ఇచ్చే ఫైలు అచ్చం ఈ పనే చేస్తుంది. ఇదిగో ఇట్లాంటిది దొరికితే ఇది అనుకో, పోయి వెతుక్కో.

అయితే 'లాంటిది' అంటే ఏమిటి? వేరే వస్తువై ఉండి కూడా దాని ధర్మాలు చాలావరకు కలిగి ఉండడమే సాదృశ్యం అని మావాళ్ల నిర్వచనం. ప్రాభాకర మీమాంసకులు దాన్ని వేరే పదార్థంగానే ఒప్పుకున్నారు. మావాళ్లు ఏడు పదార్థాలు చాలు, ఎనిమిదోది అక్కర్లేదన్నారు. చాలావరకు అంటే ఎన్ని? అక్కడే ఉంది చిక్కు. సతోసి వతనబే అనే జపాను శాస్త్రజ్ఞుడు 1969లో దీన్ని లెక్కతో తేల్చాడు. లక్షణాలన్నిటికీ ఒకే విలువ ఇచ్చి లెక్కపెడితే, ఏ రెండు వస్తువుల మధ్య అయినా పోలికలు సమానంగానే తేలతాయి. అనాకారి బాతుపిల్ల సిద్ధాంతం అని దానికి పేరు. హంసకీ బాతుకీ ఎంత పోలికో, బాతుకీ బాతుకీ అంతే పోలిక. తేడా రావాలంటే కొన్ని లక్షణాలు ముఖ్యం, కొన్ని కావు అని ముందే ఎవరో ఒకరు అనాలి. ఎవరు అంటారు? అవసరం ఉన్నవాడు.

ఈ మాట దగ్గరికి వస్తే నాలాంటి నైయాయికుడు వెనకా ముందూ చూసుకోవాలి, ఎందుకంటే పక్కనే దిఙ్నాగుడు నిలబడి ఉంటాడు. బౌద్ధుడు, అయిదు ఆరు శతాబ్దాల వాడు, కంచి దగ్గర పుట్టాడని చెబుతారు. ఏడో శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగి రాజధానికి కొంత దూరంలో ఒక ఒంటికొండ మీద ఆయన హేతుశాస్త్రం రాశాడని విని రాసుకున్నాడు. అంటే ఈ వాదంలో అటువాడికీ ఇటువాడికీ కూడా తెలుగునేల సంబంధం ఉంది. జాతి అనే పదార్థమే లేదంటాడు దిఙ్నాగుడు. ఆవు అన్నమాట ఆవుల్లో ఉన్న దేన్నో చూపించదు, ఆవు కానివాటిని తోసేస్తుంది, అంతే. దీన్ని అపోహ అంటారు. ప్రమాణసముచ్చయంలో అయిదో అధ్యాయమంతా అదే.

పాఠం చెప్పేటప్పుడు దీన్ని పూర్వపక్షంగా పరిచయం చేసి, ఖండించి, పుస్తకం మూసేవాణ్ణి. ఖండన కష్టం కాదు, మీమాంసకుడు కుమారిలుడు శ్లోకవార్తికంలో తయారుగా పెట్టాడు. ఆవు కానిది ఏదో తెలియాలంటే ముందు ఆవు తెలియాలి కదా, మళ్లీ మొదటికే వచ్చావు అని. ఇప్పుడు మా కోడలి స్క్రీను మీద 'ఏదీ కాని బండి' అన్న తరగతి చూస్తుంటే, అపోహ నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చినట్టుంది. ఆ తరగతిలో నీళ్ల ట్యాంకరు లాగే ట్రాక్టరూ పడొచ్చు, గుర్రబ్బండీ పడొచ్చు, వినాయకుణ్ణి మోసుకుపోయే క్రేనూ పడొచ్చు. వాటన్నిటిలో సమానంగా ఉన్నదేమిటి? మిగతా తరగతులు వాటిని రానివ్వలేదు, అంతకుమించి ఏమీ లేదు. యంత్రం నేర్చుకునే తీరు కూడా ఇంచుమించు ఇదేనని మా కోడలు చెప్పింది. ఒక బొమ్మను చూసి ఆటో పాలు ఇంత, కారు పాలు ఇంత, బస్సు పాలు ఇంత అని మొత్తం ఒకటికి సరిపోయేలా పంచుతుందట. ఆటో పాలు పెరగాలంటే మిగతావాళ్ల పాలు తరగాల్సిందే.

దిఙ్నాగుడి బాటలోనే వచ్చిన ధర్మకీర్తి ఇంకో అడుగు ముందుకేశాడు. తిప్పతీగ లాంటి మందుమొక్కలు కొన్ని జ్వరం తగ్గిస్తాయి. విడిగా వాడినా తగ్గిస్తాయి, కలిపి వాడినా తగ్గిస్తాయి. అన్నిట్లో జ్వరహరత్వం అనే ఒకే ఒక్క పదార్థం దూరి కూర్చుందా? లేదు. జ్వరం వచ్చినవాడికి వాటి పని ఒక్కటే, అందుకని ఒక గుంపు. జ్వరం లేనివాడికి ఆ గుంపే లేదు. ఇది చదివిన రోజుల్లో తప్పించుకునే దారి వెతికాను. ఇప్పుడు వెతకడం లేదు. ఆవు, బంగారం, నీరు లాంటి చోట్ల జాతిని వదలను. మనిషి చేసిన వస్తువు దగ్గరా, మనిషి మనిషికి పెట్టిన పేరు దగ్గరా మాత్రం ధర్మకీర్తికి దారి ఇస్తాను.

స్టీలు గ్లాసు ఒకటి తీసుకుందాం. బేగంబజారులో గ్లాసు స్టీలు సామాన్ల కొట్టులో, స్టీలు బిందెలూ డబ్బాల మధ్య ఉంటుంది. రాగి బిందె కోసం ఇంకో కొట్టుకి పోవాలి. అక్కడ లోహాన్ని బట్టి లోకం. హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియాకి మావాడు తీసుకెళ్లాడు. పై అంతస్తులో గ్లాసు ఒక ఉత్తుత్తి వంటగదిలో, ఉత్తుత్తి బల్ల మీద ఉంది. అక్కడ గదిని బట్టి లోకం. కిందికొస్తే అదే గ్లాసు గ్లాసుల మధ్య వరసగా ఉంది. ఇంటికి తెచ్చాక మా ఆవిడ దాన్ని కడిగి, ఇది దేవుడి గదికి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు అంది. అంతే, అది మడి గ్లాసయింది. పక్క గ్లాసుకీ దీనికీ తూకంలో గానీ, మెరుపులో గానీ, ధరలో గానీ వెంట్రుకవాసి తేడా లేదు. పెదవి తగిలితే ఎంగిలి అవుతుంది, అప్పుడూ కంటికి తేడా కనబడదు. మా ఆవిడ పూజకు ఒక వస్తువు కేటాయించుకుంది, దానివల్ల ఎవరికీ నొప్పి లేదు, నేనూ ఏమీ అనను. కానీ మన పల్లెల్లో టీ హోటళ్లలో రెండు రకాల గ్లాసులుండేవి. బడుగు కులాలవాళ్లకి వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగిపెట్టాలి. ఆ రెండు గ్లాసులూ ఒకే కొట్టులో ఒకే ధరకి కొన్నవైనా సరే, ఆ తేడా ఉండేది. కంటికి కనబడని తేడా మీద కట్టిన గుంపు పూజగదిలో ఉంటే ఆచారం, హోటల్లో ఉంటే దౌర్జన్యం. రెండూ ఒకే యంత్రాంగంతో నడుస్తాయన్నది మాత్రం మావాళ్లు ఒప్పుకోవడానికి ఇష్టపడరు.

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడి చేతిలో ఫోను ఉంటుంది. వచ్చినవాణ్ణి గెస్ట్, డెలివరీ, క్యాబ్, పనివాళ్లు అన్న నాలుగింటిలో దేంట్లోనో నొక్కాలి. మా తమ్ముడి మనవడు పోయిన దసరాకి నారింజరంగు టీషర్టు వేసుకుని, చేతిలో స్వీటు డబ్బాల సంచితో వచ్చాడు. "ఏ ఫ్లాట్‌కి డెలివరీ?" అని సర్వీస్ లిఫ్టు చూపించారు. వాడు నవ్వుకుంటూ అందులోనే పైకొచ్చాడు. సెక్యూరిటీ కుర్రాడి పోలిక తప్పని నేను అనను. రంగు కలిసింది, సంచి కలిసింది, వయసు కలిసింది, గవయాన్ని గుర్తుపట్టిన పట్నంవాడి పద్ధతే. నిజంగా డెలివరీకి వచ్చే పిల్లల్లో పగలంతా అమీర్‌పేటలో కోర్సు చదువుకుని సాయంత్రాలు బండి తోలేవాళ్లున్నారు. కోచింగ్ సెంటర్లో అతను స్టూడెంటు. మా కోడలి ఫ్రేములో 'రైడర్'. గేటు దగ్గర డెలివరీ. మూడూ ఉపాధులే. మొదటి రెంటి వల్ల అతనికి పోయేదేమీ లేదు. మూడోదానికి వేరే లిఫ్టు ఉంది. తొడుక్కున్న చొక్కా ఒంటి రంగైనట్టు, పనిని బట్టి పెట్టిన పేరు మనిషి స్వభావంగా ఎక్కడ మారిపోతుందో అక్కడ ఉదయనుణ్ణి నిలబెట్టి అడ్డంకులు చదివించాలి.

మా శాస్త్రాల్లో ఈ పని కొంత జరిగింది, అదీ నేను పుట్టిన కులం మీదే. బ్రాహ్మణత్వం జాతా, కాదా? గోత్వంలాగా నిజంగా ఉన్న పదార్థమా? బౌద్ధులు లేదన్నారు, అది ఊహించదగిందే. కుమారిలుడు తంత్రవార్తికంలో ఉందన్నాడు. మరి ముఖం చూస్తే తెలియదేం అంటే, తల్లిదండ్రులెవరో తెలిస్తే అప్పుడు కనబడుతుందన్నాడు. మడి గ్లాసు సంగతి లాగే, ముందు ఎవరో చెబితేనే కనబడే తేడా. ఆశ్చర్యం ఏమిటంటే, వేదానికి అంతే కట్టుబడిన మీమాంసకుడు, ప్రభాకరుడి సంప్రదాయం వాడైన శాలికనాథుడు దాన్ని ఒప్పుకోలేదు. అన్ని ఆవుల్లో ఒకే ఆకారం తట్టినట్టు, మనుషుల్ని చూస్తే మనిషితనమే తడుతుంది, అంతకు లోపల ఇంకో జాతి తట్టదు. శాలికనాథుడే నెగ్గాడని నా తీర్పు. మా బంధువుల్లో ఈ తీర్పు వినేవాళ్లు తక్కువ.

యంత్రాలకు పాఠాలు చెప్పేవాళ్లు కూడా ఇదే గోతిలో పడి లేచారు. 2009లో వచ్చిన ఇమేజ్‌నెట్ అనే మహాకోశంలో కోటీ 40 లక్షలకు పైగా బొమ్మలు, 20 వేలకు పైగా తరగతులు. కుక్కల జాతులూ పుట్టగొడుగుల రకాలూ విడదీసినంత తేలిగ్గా మనుషుల్నీ విడదీశారు. ముఖం ఫొటో చూసి దొంగ, ఓడిపోయినవాడు అనేలాంటి పేర్లు కూడా అందులో చేరాయి. కేట్ క్రాఫోర్డ్, ట్రెవర్ పాగ్లెన్ అనే ఇద్దరు 2019లో దీన్ని అందరి ముందూ పెట్టారు. నిర్వాహకులు మనుషుల తరగతుల్లోంచి సుమారు 6 లక్షల బొమ్మలు తీసేస్తామన్నారు. ఓడిపోయినవాడితనం ముఖం మీద ఎక్కడుంటుంది? కుమారిలుణ్ణి అడగాల్సిన ప్రశ్నే.

మళ్లీ మన ట్రిపుల్ ఐటీ జాబితాకి వస్తాను, ఎందుకంటే అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ తరగతులకు నాలుగు అంతస్తులున్నాయి. కిందికి దిగేకొద్దీ వివరం పెరుగుతుంది, పైకెక్కేకొద్దీ తరగతులు కలిసిపోతాయి. అన్నిటికంటే పైన ఏడే ఉంటాయి. అందులో ఒకటి ప్రాణులు. రోడ్డు దాటే మనిషీ, బండి మీది మనిషీ, ఆవూ, కుక్కా అందరూ అందులోనే. గీత అయిదో అధ్యాయంలో చదువుకున్న బ్రాహ్మణుణ్ణి, ఆవుని, ఏనుగుని, కుక్కని, కుక్కని వండుకు తినేవాణ్ణి సమంగా చూసేవాడే పండితుడని ఉంది. గుద్దకూడదు అన్న ఒక్క అవసరంతో చూస్తే ఈ కారూ అదే చూపు చూస్తోంది. ఆ శ్లోకం మీద నేను చెప్పే మాట ఒకటుంది. సమంగా చూడమనడానికి కూడా కృష్ణుడు అయిదుగురినీ విడివిడిగా పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. తేడాలు తెలియనివాడి సమదృష్టికి విలువ లేదు, వాడికి అసలు దృష్టే లేదు. పై అంతస్తు ఉందని కింది అంతస్తు కూల్చుకోం.

ఇదంతా ఒక రాత్రి భోజనాల దగ్గర మా కోడలికి విస్తరించి చెప్పి, కారుకి ప్రాణి అని తెలిస్తే చాలదా, మళ్లీ మనిషి వేరు, జంతువు వేరు అని పిల్లల చేత గీతలు గీయించడం ఎందుకు అన్నాను.

"మీరు శంకరపల్లి రోడ్డులో డ్రైవ్ చెయ్యలేదు మామయ్యగారూ" అంది. "హారన్ కొడితే మనిషి పక్కకి జరుగుతాడు. గేదె జరగదు. కుక్క మన వైపే పరిగెత్తుకొస్తుంది. కారుకి ముందుగా తెలియొద్దా? పెరుగు వేసుకోండి."